కొత్త స్లాబ్‌కు బీటలు: లీటర్లలో, గంటల్లో, మిల్లీమీటర్లలో

మే నెల మధ్యాహ్నం రెండు గంటలు. నీడలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వడగాలి. ఆ పూట పోసిన వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ మీంచి గంటకు దాదాపు 120 లీటర్ల నీరు ఆవిరైపోతుంది. అంటే గంటకు ఎనిమిది బకెట్లు. కాంక్రీటు లోపలి నుంచి పైకి ఊరే నీరు ఆ వేగాన్ని అందుకోలేదు. పై పొర ఎండి ముడుచుకోబోతుంది, ఇంకా పచ్చిగా ఉన్న కింది పొర దాన్ని పట్టి ఆపుతుంది. ఆ పెనుగులాటలో పై పొర ఓడిపోతుంది. పొద్దు వాలేసరికి అడుగు, రెండడుగుల ఎడంతో ఏటవాలుగా బీటలు కనిపిస్తాయి. ఇంటాయన మేస్త్రిని నిలదీస్తాడు, మేస్త్రి సిమెంట్‌ను తిడతాడు, సిమెంట్ కొట్టు ఆయన ఇసుక బాగాలేదంటాడు. ఎక్కువసార్లు అసలు దోషం ఆ పూటకే ఉంటుంది.

పై లెక్కకు నాలుగు అంకెలు చాలు: కాంక్రీటు వేడి, గాలి వేడి, తేమ, గాలి వేగం. ఇంజినీర్లు వాడే సూత్రంలో వాటిని వేస్తే (కాంక్రీటు వేడి 35 డిగ్రీలనుకున్నాను) చదరపు మీటరుకు గంటకు 1.28 కిలోల నీరు పోతున్నట్టు తేలుతుంది. ఈ అంకె ఒక కిలో దాటితే బీటలు వస్తాయనే అనుకుని జాగ్రత్త పడాలన్నది అందరూ పాటించే హద్దు. ఇదే స్లాబ్‌ను అదే రోజు సాయంత్రం మొదలుపెట్టారనుకోండి. రాత్రి ఎనిమిదికి 33 డిగ్రీలు, 45 శాతం తేమ, 6 కిలోమీటర్ల గాలి ఉంటే, 32 డిగ్రీల కాంక్రీటు నుంచి పోయేది గంటకు 43 లీటర్లే. మూడో వంతు. జనవరి ఉదయం 22 డిగ్రీల్లో, 70 శాతం తేమలో అయితే 20 లీటర్లకు కాస్త అటూఇటూ. మేస్త్రి అదే, సిమెంట్ అదే, ఇసుకా అదే.

మన దగ్గర ఇళ్ల స్లాబులు ఎక్కువగా ఎండాకాలంలోనే పడతాయి. వానలు రాకముందే కప్పు వేసేయాలన్న తొందర ఒకటి, పిల్లలకు సెలవులు మరొకటి. రెంటచింతలలోనైనా, రామగుండంలోనైనా ఆ నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలి వేడి 40 దాటితే ఎండాకాలపు కాంక్రీటుగా చూసి ప్రత్యేక జాగ్రత్తలు తీసుకోవాలని భారత ప్రమాణం ఐ.ఎస్. 7861 చెబుతోంది. మనమేమో ఉదయం తొమ్మిదికి కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నం మూడుకు ముగించి, కూలీలకు భోజనాలు పెడతాం. సరిగ్గా ఎండ మండే గంటలన్నీ పచ్చి స్లాబ్ మీదే గడుస్తాయి. ముహూర్తం చూసుకునేవారు పంతులుగారిని తెల్లవారుజామునో, సాయంత్రమో మంచి ఘడియ చూడమని అడగండి. బీటలు తగ్గించడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు తెలియదు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, అదనంగా కావాల్సింది నాలుగు ఫ్లడ్ లైట్లు, అంతే.

కాంక్రీటు తట్టుకునేదెంత, ముడుచుకునేదెంత

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక్క బీట కూడా రాకూడదని పట్టుబట్టడం న్యాయం కాదు. ఇది అర్థం కావాలంటే రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఆరిపోయే క్రమంలో కాంక్రీటు తన పొడవులో పదివేలకు 3 వంతుల మేర కుదించుకుంటుందని, వేరే పరీక్షలు లేనప్పుడు అలా లెక్క వేసుకోమని మన ప్రధాన ప్రమాణం ఐ.ఎస్. 456 అంటుంది. పది మీటర్ల స్లాబ్‌కు ఇది 3 మిల్లీమీటర్లు. అదే ప్రమాణంలోని సూత్రాలతో ఎం20 కాంక్రీటు ఎంత సాగితే తెగుతుందో లెక్క కడితే పదివేలకు 1.4 వంతులు వస్తుంది. పది మీటర్లకు 1.4 మిల్లీమీటర్లు. ముడుచుకోవాల్సింది 3, తట్టుకోగలిగేది 1.4. కాలం గడిచేకొద్దీ కాంక్రీటు కొంత సర్దుకుంటుంది కాబట్టి ఒత్తిడి మొత్తం ఒక్కసారిగా పడదు. అయినా చుట్టూ గోడలు, బీములు, స్తంభాలు కదలనీయకుండా పట్టి ఉంచిన స్లాబ్ ఎక్కడో ఒకచోట సన్నగా విచ్చుకోక తప్పదు.

ఇనుము వేసేది బీటను ఆపడానికే అనుకుంటారు చాలామంది. ఇనుము చేసే మేలు వేరు. ఒకేచోట 3 మిల్లీమీటర్లు తెరుచుకోవాల్సిన బీటను కంటికి ఆనని ఎన్నో వెంట్రుక బీటలుగా పంచుతుంది. అందుకే బరువు మోసే అవసరం లేని దిశలో కూడా స్లాబ్ మందంలో కనీసం 0.12 శాతం టోర్ స్టీల్ ఉండాలన్న నియమం. ఐదంగుళాల స్లాబ్‌కు అది మీటరుకు మూడు 8 మి.మీ. కడ్డీలు. ‘అడ్డ కడ్డీలే కదా’ అని వాటిని తగ్గించి మిగిల్చిన డబ్బు కాగితం మీదే మిగులుతుంది.

బస్తాకు ఎన్ని లీటర్లు?

ఈ కథనంలో పాఠకులు ఒక్క అంకె మాత్రమే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి: 50 కిలోల సిమెంట్ బస్తాకు 27.5 లీటర్లు. ఇంటి లోపలి భాగాల వంటి తేలికపాటి పరిస్థితుల్లో ఉండే ఆర్.సి.సి.కి నీరు, సిమెంట్ నిష్పత్తి 0.55 దాటకూడదని ఐ.ఎస్. 456 పెట్టిన హద్దును బస్తా లెక్కలోకి మారిస్తే వచ్చేది అదే. సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఇంకా తగ్గాలి, తీరం గాలికి నేరుగా ఎదురుగా ఉంటే 0.45, అంటే బస్తాకు 22.5 లీటర్లు.

ఇక మిల్లర్ దగ్గర జరిగేది చూడండి. కంకర, ఇసుక, సిమెంట్ పడతాయి. డ్రమ్ములోకి పైపు వదులుతారు. కాంక్రీటు గరిటజారుగా వచ్చేదాకా పైపు తీయరు. కొలత డబ్బా ఎక్కడా కనిపించదు. తడి ఇసుక తనతో తెచ్చే నీటిని లెక్కలోకి ఎవరూ తీసుకోరు. ఒక మాదిరి తడి ఇసుక లీటరుకు 80 గ్రాముల నీరు మోసుకొస్తుంది. సిమెంట్, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే బస్తాకు 52 లీటర్ల పైచిలుకు ఇసుక పడుతుంది, అంటే పైపు విప్పకముందే 4 లీటర్లు డ్రమ్ములో ఉన్నట్టు. దుమ్ము ఎక్కువున్న రోబో ఇసుక అయితే కాంక్రీటు గట్టిగా కనిపిస్తుంది, ఇంకో రెండు మగ్గులు పోయాలనిపిస్తుంది. మేస్త్రిని ఇక్కడ తప్పుపట్టేముందు ఒక్క క్షణం ఆగాలి. ఎండలో గమేళాలు మోసి, పరిచి, చదును చేసేవాళ్లకు పలచటి కాంక్రీటు ఎంతో సులువు. ఆ సులువును వేరే దారిలో ఇవ్వాల్సిన బాధ్యత ఇంటివాళ్లది. నీరు పెంచకుండానే జారుడు పెంచే ప్లాస్టిసైజర్ ద్రవం హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. చాలా రకాలకు బస్తాకు 200 మిల్లీలీటర్ల చుట్టుపక్కలే చాలు, డబ్బా మీద రాసిన మోతాదు దాటొద్దు.

ఎక్కువ నీరు ఏం చేస్తుందో కూడా లెక్క కట్టొచ్చు. సిమెంట్ పూర్తిగా పనిచేయడానికి బరువులో 38 శాతం నీరు సరిపోతుంది, బస్తాకు 19 లీటర్లు. మిగిలిందంతా మనం కలిపి పరిచే సౌకర్యం కోసం. వెయ్యి చదరపు అడుగుల ఐదంగుళాల స్లాబ్‌కు, బీములు కాకుండా, 11.6 ఘనపు మీటర్ల కాంక్రీటు, సుమారు 93 బస్తాలు పడతాయి. బస్తాకు 27.5 లీటర్లు పోస్తే అవసరానికి మించినది 790 లీటర్లు. పైపు వదిలేసి 35 లీటర్లు పోస్తే 1,490 లీటర్లు. ఆ నీరంతా మెల్లగా బయటికి పోతూ కంటికి కనిపించని రంధ్రాలను వదిలి వెళ్తుంది. ముడుచుకోవడం పెరుగుతుంది, బలం పావు వంతుకు పైగా పడిపోతుంది, తర్వాతి వానాకాలంలో నీరు దిగడానికి దారులు ముందే తయారై ఉంటాయి. రెడీమిక్స్ బండి వచ్చినా ఇదే జాగ్రత్త. సరుకు నింపిన రెండు గంటల్లోగా దించేయాలన్నది నియమం. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమై గట్టిపడుతున్న సరుకులో సైట్ దగ్గర నీళ్లు కలపనివ్వకండి. చలానాలో బయల్దేరిన టైము చూడండి.

గడియారం చూసి బీటను గుర్తుపట్టడం

బీట ఎప్పుడు కనిపించిందన్నది అది ఎందుకు వచ్చిందో దాదాపు చెప్పేస్తుంది. పోసిన మొదటి కొన్ని గంటల్లో, ఏటవాలుగా, ఒకదానికొకటి ఇంచుమించు సమాంతరంగా వస్తే అవి ఆవిరి బీటలు. మొదట చెప్పినవి ఇవే. పైకి సన్నగా ఉన్నా కొన్నిసార్లు స్లాబ్ అడుగుదాకా దిగుతాయి, అందుకే తేలిగ్గా తీసుకోకూడదు.

అవే గంటల్లో గీత గీసినట్టు తిన్నగా, కింద ఉన్న కడ్డీల వరుసనే అనుసరిస్తూ, గళ్లుగళ్లుగా వస్తే అవి కుంగుడు బీటలు. పలచటి కాంక్రీటు కిందికి కూర్చుంటుంది, కడ్డీ ఉన్నచోట కూర్చోలేక ఆగుతుంది, అక్కడ పైన చీలుతుంది. కడ్డీ పైన తగినంత కాంక్రీటు లేకపోవడం, వైబ్రేటర్ సరిగా పెట్టకపోవడం దీనికి తోడు. ఈ బీట తిన్నగా ఇనుము మీదికే తెరుచుకుంటుంది కాబట్టి తుప్పుకు ఇదే రాచబాట. స్లాబ్‌కు 20 మి.మీ. కవర్ బిళ్లలు పెట్టించారో లేదో కాంక్రీటు పోయకముందే వంగి చూసుకోవాలి.

ఈ రెండు రకాలకూ మంచి మందు ఒకటే, అది కూడా కాంక్రీటు పచ్చిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది. బీట కనబడగానే చెక్క తాపీతో గట్టిగా తట్టి, మళ్లీ రుద్ది మూసేయాలి. వేలితో నొక్కితే గుర్తు పడుతున్నంతవరకూ వ్యవధి ఉన్నట్టే. ఎండాకాలంలో ఇది రెండు గంటలు కూడా ఉండకపోవచ్చు. పైన సిమెంట్ నీళ్లు పోసి పూడ్చేస్తే పై నోరు మూతపడుతుంది, లోపలి చీలిక అలాగే ఉంటుంది. చదును చేసిన భాగం మీద వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పడం, గాలి వచ్చే వైపు పరదా కట్టడం, పోసేముందు సెంట్రింగ్ రేకులను నీళ్లతో చల్లబరచడం, ఈ మూడూ చేస్తే ఆ అవసరమే చాలావరకు రాదు.

మరునాడో, ఆ వారంలోనో సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. నున్నగా రావాలని పొడి సిమెంట్ చల్లి రుద్దినప్పుడు వచ్చేవి అవి, లోతు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. వారాలు, నెలలు గడిచాక గది మూల నుంచో, మెట్ల కోసం వదిలిన ఖాళీ మూల నుంచో ఏటవాలుగా బయల్దేరేవి ఆరుడు బీటలు. ఖాళీల మూలల్లో ఏటవాలుగా రెండు అదనపు కడ్డీలు వేసి ఉంటే అవి సన్నగా ఉండిపోతాయి.

నీళ్లు పట్టడం

సిమెంట్ బస్తా మీద పీపీసీ అనో, స్లాగ్ సిమెంట్ అనో రాసి ఉందా? మన ఊళ్లలో ఇళ్లకు వాడేది చాలావరకు అదే. సాదా ఓపీసీకి కనీసం 7 రోజులు, పొడి ఎండలో 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలి. పీపీసీ, స్లాగ్ రకాలకు మామూలుగానే కనీసం 10 రోజులు, వాటికి 14 రోజులదాకా పొడిగించమని ఐ.ఎస్. 456 సిఫారసు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పట్టి తడపడం నీళ్లు పట్టడం కిందికి రాదు. మధ్యలో ఎండే ప్రతిసారీ పై పొరలో పని ఆగిపోతుంది.

స్లాబ్ మీద గట్లు కట్టి రెండంగుళాల నీరు నిలిపితే వెయ్యి చదరపు అడుగులకు 4,700 లీటర్లు, దాదాపు ఒక ట్యాంకర్ నీరు పడుతుంది. మండుటెండకు రోజుకు సెంటీమీటరు ఆవిరైతే రోజూ 930 లీటర్లు తిరిగి పోయాలి. రెండు వారాలకు మొత్తం 17,700 లీటర్లు. బోరు ఎండిన వీధుల్లో ఇది చిన్న విషయం కాదని తెలుసు. అలాంటిచోట తడి గోనె సంచులు పరిచి, వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులకు ఇటుకలు పెడితే నీటి ఖర్చు ఎంతో తగ్గుతుంది. ఎలా చేసినా గట్టిపడ్డ రోజు నుంచే మొదలుపెట్టాలి. నాలుగో రోజు మొదలుపెట్టి 17వ రోజుదాకా పోసినా పోయిన మూడు రోజులు తిరిగి రావు.

వాకిట్లో, పార్కింగ్‌లో

నేల మీద వేసే కాంక్రీటుకు లెక్క సులువు. జాయింట్ల మధ్య దూరం మందానికి 24 నుంచి 36 రెట్లు ఉండాలి. నాలుగంగుళాల మందానికి 8 నుంచి 12 అడుగులు. ఇరవై బై ముప్పై అడుగుల పార్కింగ్‌ను పదేసి అడుగుల ఆరు గళ్లుగా విడగొట్టి, పావు వంతు లోతున, అంటే అంగుళం, గాడి పెడితే ముప్పై అడుగుల్లో రావాల్సిన 2.7 మిల్లీమీటర్ల కుదింపు గడికి 0.9 చొప్పున పంచుకుంటుంది. బీట గాడిలోనే పడుతుంది, ఎవరికీ కనిపించదు. గాడి అదే రోజు తాపీతో పెట్టాలి, కట్టర్‌తో అయితే మరునాటి ఉదయానికల్లా కోయాలి. సంపు మూత, గేటు పిల్లర్ల చుట్టూ థర్మాకోల్ ముక్కతో సందు వదలాలి. నల్లరేగడి నేలల్లో మాత్రం ఈ లెక్కలన్నీ చాలవు. వానకు ఉబ్బి, ఎండకు కుంగే ఆ మట్టిని తీసి మొరం నింపి గట్టిగా దిమ్మిస వేయకపోతే ఎన్ని గళ్లు పెట్టినా పగుళ్లు ఆగవు.

ఎంత వెడల్పు, ఎంత భయం

వర్షం తగిలే భాగంలో 0.2 మి.మీ., లోపలి భాగంలో 0.3 మి.మీ. దాకా బీటను ప్రమాణం సహిస్తుంది. జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. రెండు, మూడు కాగితాల అంచు పక్కన పెట్టి పోల్చండి. పిల్లల మెకానికల్ పెన్సిల్‌లోని 0.5 ములుకు బీటలోకి దూరిందంటే హద్దు దాటినట్టే. బీట రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. నెల తర్వాత గీత దాటి సాగకపోతే అది నిలిచిపోయిన బీట. 0.1 మిల్లీమీటరు లోపువి నిలవ నీటిలో వాటంతటవే పూడుకోవచ్చు, అంతకంటే పెద్దవాటికి పలచటి ఎపాక్సీ ఎక్కించాలి. డాబా మీద ఎండకు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే బీటకు ఎపాక్సీ పనికిరాదు, పక్కనే ఇంకోచోట చీలుతుంది. దాన్ని వి ఆకారంలో చెక్కి సాగే సీలెంట్ నింపాలి.

వెంటనే ఇంజినీరును పిలవాల్సినవి వేరే ఉన్నాయి. కప్పు కింద గది మధ్యలో వచ్చే బీట, బీము మీద నిలువునా లేదా గోడ దగ్గర ఏటవాలుగా వచ్చే బీట, సన్‌షేడ్ లేదా బాల్కనీ పైభాగంలో గోడ వెంబడి పొడవునా వచ్చే బీట. మూడోదాన్ని నేను అన్నిటికంటే ప్రమాదంగా చూస్తాను. బయటికి పొడుచుకొచ్చిన భాగానికి బలమంతా పై కడ్డీల్లోనే ఉంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు వాటి మీద నడిచి నాలుగంగుళాల సన్‌షేడ్‌లో ఆ కడ్డీలను ఒక్క అంగుళం కిందికి తొక్కేస్తే మోసే శక్తిలో మూడో వంతు పోయినట్టే. నడవడానికి పలకలు వేయించండి, పై కడ్డీల కింద ఇనుప కుర్చీలు పెట్టించండి.

ఇక సెంట్రింగ్. పన్నెండు బై పన్నెండు గది మీద ఐదంగుళాల స్లాబ్ సొంత బరువే 4.2 టన్నులు. రెండంగుళాల నిలవ నీరు ఇంకో 670 కిలోలు. పై అంతస్తు కోసం 500 ఇటుకలు పైకెక్కించి ఒకేచోట పేరిస్తే మరో టన్నున్నర. ఏడో రోజుకు కాంక్రీటుకు వచ్చే బలం పూర్తి బలంలో మూడింట రెండు వంతులు మాత్రమే. నాలుగున్నర మీటర్లలోపు స్లాబ్‌కు 7 రోజులు, అది దాటితే 14, ఆరు మీటర్లలోపు బీములకు 14, ఆపైన 21 రోజులు అన్న గడువులు ఓపీసీకి చెప్పినవి. పీపీసీ, స్లాగ్ సిమెంట్లకు పెంచుకోవాలి. సెంట్రింగ్ సామాను ఇంకో సైట్‌కు కావాలని ఒత్తిడి వస్తుంది, అద్దె పెరుగుతుందని మనకూ బెంగ ఉంటుంది. ఆ అదనపు రోజుల అద్దె ముందే ఒప్పందంలో రాయించుకోండి. విప్పే రోజున స్లాబ్‌కు మధ్య నుంచి గోడల వైపు, సన్‌షేడ్‌కు కొస నుంచి గోడ వైపు సపోర్టులు తీయించండి. సన్‌షేడ్ మొదట్లో గీత కనిపిస్తే మాత్రం, ఇంజినీరు వచ్చి చూసేదాకా ఒక్క సపోర్టు కూడా కదపనివ్వకండి.